నూట అరవై ఆరులో అత్తయ్య రాగం

తెనాలి,
24 నవంబరు 1997

చిరంజీవి శంకరానికి,

అక్క శివపార్వతి దీవెనలు. నువ్వు పంపిన అత్తయ్య నాటకం సీడీ పగలకుండా చేరింది. పగిలినా బాగుండేదేమో అని ఈ పూట అనిపిస్తోంది.

నిన్న మన లలితాంబత్తయ్యను రేపల్లె నుంచి పాసింజరులో రప్పించాను. పట్టుచీర కట్టుకుని, తలలో చామంతులు పెట్టుకుని, ఇంకాసేపట్లో తెర లేస్తుందన్నట్టు వచ్చింది. నా డీటీపీ షాపులో పెళ్ళిపత్రికల కోసం కూర్చున్నవాళ్ళని జరగమని, కంప్యూటరుకు ఎదురుగా తనే కూర్చుంది. నీకు తెలుసుగా, ఫిబ్రవరిలో రేపల్లె టౌనుహాల్లో ఆవిడకు సన్మానం. ఆ రోజు ఒక్క పద్యం పాడమని నాటక సమాజంవాళ్ళు ప్రాణం తీస్తుంటే అత్తయ్య ఒక మెలిక పెట్టింది. "నా ఆఖరి నాటకంలో గొంతు తెగిందో లేదో ముందు నా చెవులతో నన్ను విననివ్వండి. ఆ తర్వాత మాట్లాడదాం" అంది. పదకొండేళ్ళ కిందట ఆ రాత్రి రాణి వేషంలో పద్యం పాడుతూ, రాగం పైకి తీసినచోట గొంతు తెగిందని ఆవిడ నమ్మకం. ఆ మర్నాటి నుంచి స్టేజీ ఎక్కలేదు, ఇంట్లో కూడా పాడలేదు. తెగలేదని ఎవరు చెప్పినా మర్యాదకి చెబుతున్నారనుకుంటుంది.

సరే, సీడీ పెట్టాను. రాణి వేషంలో అత్తయ్య కనబడింది. ఎంత బాగుందిరా మనిషి. పద్యం మొదలైంది. బొమ్మ కాస్త నడిచి ఆగడం, మళ్ళీ గెంతడం. గొంతూ అంతే. రాగం తీస్తుంటే ఎక్కిళ్ళు పట్టినట్టు ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఇది కంప్యూటరు తప్పని నేను అంటూనే ఉన్నాను. ఆవిడ లేచి నిలబడింది. "నే చెప్పలా. గొంతు లేనిదానికి శాలువాలెందుకే" అంది. సన్మానానికే రానని సమాజంవాళ్ళకు చెప్పేస్తుందట. కాఫీ కూడా ముట్టకుండా సాయంత్రం బండికి వెళ్ళిపోయింది.

మా వీధిలో ఉన్న ఒక్క సీడీ ప్లేయరు నువ్వు పంపిన సీడీని గుర్తుపట్టనంది. ఇంకొకరి షాపులో, పరాయివాళ్ళ మధ్య కూర్చుని అత్తయ్య వినదు. ఇంజనీరింగు కాలేజీలో కంప్యూటర్ల ల్యాబు చూసుకునేవాడివి, చిన్నాన్న కొడుకువి, అత్తయ్య ఎత్తుకుని పెంచినవాడివి. ఏదో ఒకటి చెయ్యి.

నీ అక్క,
శివపార్వతి


బాపట్ల,
29 నవంబరు 1997

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి బాధపడ్డాను. చివరికొచ్చేసరికి హుషారు కూడా వచ్చింది, తిట్టకు. జబ్బు ఏమిటో నాకు తెలిసింది.

నీ కంప్యూటరులో ఉన్న పెంటియం ప్రాసెసరు వేగం నూట ముప్పై మూడు. వీడియో సీడీ తడబడకుండా ఆడాలంటే దానికి నూట అరవై ఆరు వేగం కావాలి. అత్తయ్య పద్యాన్ని అందుకోలేక నీ ప్రాసెసరు ఆయాసపడింది, అంతే. నీ ప్రాసెసరును నూట అరవై ఆరులో పరిగెత్తిద్దాం. దీన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. కంపెనీవాడు రాసిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడపడం. కొత్తది కొనక్కర్లేదు. మదర్‌బోర్డు మీద సూదుల్లాంటి పిన్నులుంటాయి, వాటిమీద చిన్న నల్లటోపీలు ఉంటాయి. జంపర్లంటారు. ఒక టోపీ తీసి పక్కపిన్నుల మీద పెట్టడమే. ఫోనులో చెబితే అర్థం కాదు, అందుకే వెనక కాగితం మీద బొమ్మ గీశాను. టోపీ తీసే ముందు ప్లగ్గు పీకెయ్యి.

భయపడొద్దని రాయను. కొంచెం భయపడటం మంచిదే. ప్రాసెసరు మాడితే నీ షాపు మూతపడుతుంది. కానీ నిదానంగా చేస్తే మాడదు.

ఇంకొకటి. ఆ నాటకం వీడియో క్యాసెట్టు బూజుపట్టి ఉండటంతో కాపీ అవుతుండగానే టేపు నలిగిపోయిందట. మిగిలింది ఈ సీడీ ఒక్కటే. హైదరాబాదులో కాపీ చేసిన మిత్రుడు పద్యం వినలేదు. మా ల్యాబులో కంప్యూటర్లకు సౌండుకార్డులు లేవు. కాబట్టి ఆ రాత్రి అత్తయ్య ఎలా పాడిందో మనకు కూడా తెలియదు. అయినా నాకెందుకో గట్టి నమ్మకం.

నీ తమ్ముడు,
గౌరీశంకరం


తెనాలి,
5 డిసెంబరు 1997

శంకరం,

నీ నమ్మకం చల్లగుండ. టోపీ మార్చాను, స్విచ్చి వేశాను. ఫ్యాను తిరిగింది, తెర మాత్రం నల్లగానే ఉంది. ఎప్పుడూ కూసే ఆ చిన్న కూత కూడా లేదు. సరిగ్గా అప్పుడే పెళ్ళికొడుకు ఇంటిపేరు తప్పు పడిందని ఒకాయన పత్రిక పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "సరిచేస్తానండి, కాసేపు కూర్చోండి" అన్నాను. నా ఎదురుగా ఉన్నదానికి ఊపిరి ఆడటంలేదని ఆయనకేం తెలుసు.

టోపీ ఎక్కడిది అక్కడ పెడితే మళ్ళీ కూత వచ్చింది, ప్రాణం లేచొచ్చింది. పెళ్ళికొడుకు ఇంటిపేరు సరిచేశాను. ఇంక నావల్ల కాదు.

కాదని రాశాను గానీ, నువ్వు మళ్ళీ బొమ్మ గీస్తే మళ్ళీ చేస్తాను. సాయంత్రం నుంచి చేతులు అటే లాగుతున్నాయి. భయంగా ఉంది, సరదాగా కూడా ఉంది. ఇదేం జబ్బో నాకు.

నీ అక్క


బాపట్ల,
9 డిసెంబరు 1997

అక్కా,

టోపీ వెనక్కి పెడితే కూత వచ్చిందన్న ముక్క చదివి ల్యాబు మెట్లమీదే గంతేశాను. ఏదీ మాడలేదన్నమాట. నువ్వు నా బొమ్మను తలకిందులుగా పట్టుకున్నావు. కీబోర్డు వైరు దూరే రంధ్రం పైకి ఉండాలని నేను రాయలేదు, తప్పు నాదే. నువ్వు మార్చింది వేరే టోపీ. ఈసారి బాణం గుర్తు వేశాను, చూడు.

నీకొక పద్ధతి చెబుతాను. కంప్యూటరు ఎంతదూరం వెళ్ళి ఆగిందో చూడు. అసలు తెరే నల్లగా ఉంటే జంపరు తప్పు. అంకెలు లెక్కపెడుతూ ఆగితే మెమరీ కార్డు గొడవ. మబ్బులున్న విండోస్ బొమ్మ దాకా వచ్చి ఆగితే వేడి గొడవ గానీ కరెంటు చాలకపోవడం గానీ అయ్యుంటుంది. ఎక్కడ ఆగిందో రాస్తే నేను మందు రాస్తాను.

శంకరం


తెనాలి,
15 డిసెంబరు 1997

ఒరేయ్ శంకరం,

వచ్చింది. తెరమీద తెల్లటి అక్షరాల్లో నూట అరవై ఆరు అని పడింది. నేను పెట్టిన కేకకి పక్క టైలరుషాపు హైమావతి కత్తెరతో సహా పరిగెత్తుకొచ్చింది. "ఏంటి పార్వతీ, షాకు కొట్టిందా" అంటే, లేదే, మా కంప్యూటరుకు రెక్కలొచ్చాయి అన్నాను. ఆ అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత అంకెలు లెక్కపెట్టింది. నీలిమబ్బులు వచ్చాయి. అక్కడ ఆగిపోయింది. కాసేపు చూసి ఆపి మళ్ళీ వేస్తే ఈసారి అంకెల దగ్గరే ఆగింది. విసుగొచ్చి వదిలేశాను. తెల్లారి షాపు తెరవగానే వేస్తే మబ్బులు దాటింది, నా షాపు పేరున్న తెర కూడా వచ్చింది. గబగబా సీడీ పెట్టబోయాను, అంతలో గడ్డకట్టుకుపోయింది.

ఫ్యాను బాగానే తిరుగుతోంది. పాతది గిరగిరా మోత పెడుతుంటే మొన్న విజయదశమినాడే కొత్తది బిగించాను. అప్పుడు అత్తయ్య కూడా ఇక్కడే ఉంది. ఆ ఫ్యానుకేం తక్కువ లేదు.

ఇంత దగ్గరికొచ్చి ఆగితే నాకు నిద్ర పట్టేలా లేదు. తొందరగా రాయి.

నీ అక్క


బాపట్ల,
19 డిసెంబరు 1997

అక్కా,

నీ ఉత్తరం ల్యాబులో అందరికీ చదివి వినిపించాను. మా అటెండరు రాఘవులు కూడా "మీ అక్కగారు గట్టివారండి" అన్నాడు.

వరసగా చెయ్యి. రెండు మెమరీ కార్డుల్లో ఒకటి తీసి చూడు, తర్వాత రెండోది. సౌండుకార్డు కూడా తీసి చూడు. అప్పటికీ ఆగితే కరెంటు జంపరు ఒక్క మెట్టు పెంచు, బొమ్మ వెనక ఉంది. ఆగిపోయిన వెంటనే ప్లగ్గు పీకి, ఫ్యాను కింద ఉన్న అల్యూమినియం దిమ్మను వేలితో ముట్టుకో. కాలుతుంటే వేడి గొడవ. చల్లగా ఉంటే వేడి సంగతి మరిచిపో.

శంకరం


తెనాలి,
27 డిసెంబరు 1997

శంకరం,

అన్నీ అయ్యాయి. మెమరీ కార్డులు మార్చినా అంతే. సౌండుకార్డు తీసినా అంతే. కరెంటు పెంచితే ఇంకా త్వరగా ఆగింది, మబ్బులు కూడా రాలేదు. వెంటనే తగ్గించేశాను. దిమ్మను ముట్టుకున్నాను. మజ్జిగకుండలా చల్లగా ఉంది. కాబట్టి నువ్వు చెప్పినట్టు వేడి కాదు. ఇంకేమిటో నువ్వే చెప్పాలి.

ఒక తమాషా రాస్తాను, నవ్వకు. ఆగిపోయే ముందు షాపంతా పూజగది వాసన వస్తుంది. అగరువత్తి వెలిగించలేదు, ఏమీ లేదు. హైమావతి కూడా వాసన చూసి లెంపలేసుకుంది. దేవుడే వచ్చి ఆపుతున్నాడంటుంది.

నాకు నవ్వు రావడంలేదు. సన్మానానికి రానని అత్తయ్య సమాజంవాళ్ళకు కార్డు రాసేసింది. "ఇంకా పట్టుబడితే ఊరు విడిచి పోతా" అందట. ఎప్పుడూ ఎవరో ఒకరిని ఆటపట్టించే మనిషి, ఇంట్లో నోరు విప్పడంలేదని బ్రహ్మానందం మామయ్య ఫోను చేసి బాధపడ్డాడు. మనం వినిపించకపోయినా బాగుండేది. సగం వినిపించి చంపేశాం.

నీ అక్క


బాపట్ల,
31 డిసెంబరు 1997

అక్కా,

కూర్చుని చదువు. నేను నిలబడే రాస్తున్నాను.

మొదట చెంపలేసుకుంటున్నా. చల్లటి దిమ్మను చూసి వేడి కాదనమన్నది నేనే. ఎంత తెలివితక్కువ మాట. ఆ దిమ్మ పని ప్రాసెసరు వేడిని తనలోకి లాక్కోవడం. ప్రాసెసరు అంత పని చేస్తుంటే దిమ్మ వెచ్చబడాలి. చల్లగా ఉందంటే వేడి దాన్ని చేరడంలేదు. రెండింటి మధ్య ఏదో అడ్డుంది. కింద ప్రాసెసరు ఉడికిపోతోంది, పైన దిమ్మ హాయిగా నిద్రపోతోంది. కరెంటు పెంచితే త్వరగా ఆగింది అందుకే. రాత్రంతా చల్లారాక తెల్లారి వేస్తే ఎక్కువ దూరం వెళ్ళిందీ అందుకే.

మరి మధ్యలో ఏముంది? పూజగది వాసన దగ్గర నాకు వెలిగింది. మన చిన్నప్పుడు అత్తయ్య నాటకానికి ముందు ఏం చేసేదో గుర్తుందా? హార్మోనియానికి గంధం, గజ్జెలకు గంధం, ఆఖరికి తెరతాడుకు కూడా గంధం, కుంకుమ. అది అయ్యేదాకా గంట కొట్టనిచ్చేది కాదు. విజయదశమినాడు ఫ్యాను మార్చడానికి నువ్వు దిమ్మ ఊడదీసే ఉంటావు. అప్పుడు ఆవిడ అక్కడే ఉందని రాశావు.

ఊరికే ఊహించి ఊరుకోలేదు. పక్కింటి కాంతమ్మగారి సాన తెచ్చి గంధం తీసి, ల్యాబులో పారేసిన పాత పెంటియానికి బాగా పట్టించి, ఆరబెట్టి, దిమ్మ బిగించి నడిపాను. ఆగింది అక్కా. ఘుమఘుమలాడుతూ ఆగింది. దిమ్మ చల్లగానే ఉంది. రాఘవులు దణ్ణం పెట్టాడు. నేను మాత్రం వాణ్ణి పట్టుకుని ల్యాబంతా తిరిగాను.

దిమ్మ విప్పు. గంధం ఉంటే దూదితో స్పిరిటు అద్ది శుభ్రంగా తుడిచెయ్యి. టీవీ రిపేరుషాపుల్లో తెల్లటి పేస్టు ఉంటుంది, వేడి పాకడానికి రాసేది. బియ్యపుగింజంత చాలు.

శంకరం


తెనాలి,
6 జనవరి 1998

శంకరం,

ఉంది. ఉంగరపువేలితో పెట్టిన నిండు బొట్టు, దాని నడుమ కుంకుమ. ఎండి అట్టకట్టింది, అంచులు గోధుమరంగుకు తిరిగాయి. చూడగానే అంతా గుర్తొచ్చింది. ఆ రోజు దిమ్మ తీసినప్పుడు "ఇందులో ప్రాణం ఏదే" అని అడిగింది అత్తయ్య. ప్రాసెసరు చూపించి, కొత్త ఫ్యాను తేవడానికి లోపలికి వెళ్ళాను. వచ్చి బిగించేశాను. ఆవిడ అప్పటికే పూజకు పెట్టిన హార్మోనియం దగ్గర కూర్చుని ఉంది. కంప్యూటరుకు పూజ అయిపోయిందని ఆవిడ అంటే, బొట్టు మూత మీద పెట్టిందనుకున్నాను.

తోమాసు టీవీషాపులో పేస్టు అడిగితే "మీకెందుకండి ఇది" అన్నాడు. పద్యం కోసమన్నాను. రాసి, బిగించి, నూట అరవై ఆరులో వేశాను. కూత, అంకెలు, మబ్బులు, నా షాపు పేరు. ఆగలేదు. దిమ్మ వెచ్చగా ఉంది. పసిపిల్ల ఒంటిమీద చెయ్యి వేసినట్టనిపించి కళ్ళు చెమర్చాయి. షట్టరు సగం దించి సీడీ పెట్టాను.

ఏం గొంతురా అది. తీగలాగా సాగిపోయింది, ఒక్క తడబాటు లేదు.

కానీ శంకరం, పైకి తీసినచోట తెగింది. మళ్ళీ వెనక్కి జరిపి విన్నాను. కంప్యూటరు ఎక్కడా ఆగడంలేదు. తెగింది అత్తయ్య గొంతే. చాలా చిన్నగా, జీర వచ్చి, ఒక్క క్షణం. ఆవిడ అన్నది నిజమే.

ఇంతా చేసి ఇదా మనం ఆవిడకు చూపించేది? మబ్బుల దగ్గరే ఆగిపోయినా బాగుండేది. ఏం చెయ్యను చెప్పు.

నీ అక్క


బాపట్ల,
10 జనవరి 1998

అక్కా,

రెండు రోజులు ఆలోచించాను. చూపించు. ఆవిడ మన చేత అబద్ధం చెప్పించుకోవాలని సీడీ అడగలేదు.

ఒక్క మాట. తెగినచోటు దాకా విని అక్కడ ఆపేశావని నీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది. ఆ తర్వాత ఏముందో నువ్వు రాయలేదు. ఆవిడ దగ్గర అలా ఆపకు. పద్యం పూర్తయ్యేదాకా నడవనివ్వు.

శంకరం


రేపల్లె,
2 ఫిబ్రవరి 1998

చిరంజీవి శంకరానికి,

సెలవు దొరకలేదని రాలేకపోయిన నిన్ను తలుచుకుంటూ, అత్తయ్య ఇంటి అరుగుమీద కూర్చుని రాస్తున్నాను.

నువ్వు చెప్పాక పద్యం చివరిదాకా వినాలని నాకూ అనిపించింది. కానీ వినలేదు. అత్తయ్యతో కలిసే వినాలనుకున్నాను. పోయిన ఆదివారం కంప్యూటరును బొంతలో చుట్టి, మానిటరు ఒళ్ళో పెట్టుకుని పాసింజరు ఎక్కాను. "ఎవరికమ్మా ఒంట్లో బాలేదు" అని అడిగారు బండిలో.

అత్తయ్య గుమ్మంలోనే "మళ్ళీ తెచ్చావా ఈ దయ్యాన్ని" అంది. వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను అన్నీ తగిలించి, సీడీ పెట్టి, శబ్దం పెంచాను. రాగం మొదలవగానే వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. కాసేపటికి చేతిలో గరిటెతోనే వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది.

తెగినచోటు వచ్చింది. నేను కళ్ళు మూసుకున్నాను. ఆ వెంటనే రాణి ఊపిరి పీల్చుకుని, వదిలేసిన చోటికంటే ఒక మెట్టు పైనే అందుకుంది. పద్యం పూర్తిచేసింది. హాలు దద్దరిల్లిపోయింది, వన్స్ మోర్, వన్స్ మోర్ అని.

అత్తయ్య గరిటె కింద పెట్టింది. "ఇంతేనా" అంది.

ఆవిడ కూర్చోవడానికి స్టూలు జరిపాను.

"ఇంత జీరకేనటే నేను పదకొండేళ్ళు నోరు కట్టుకుంది? కొండంత అనుకున్నానే." మళ్ళీ పెట్టమంది. పెట్టాను. ఈసారి చివర్లో ముందుకు వంగి, "ఈ వన్స్ మోర్లు ఆ రాత్రి నాకు వినపళ్ళేదే" అంది. ఎందుకు వినపడలేదు అత్తయ్యా అంటే, "తెర వెనక్కి పోయి ఏడుస్తున్నాగా" అంది. అంటూనే నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. నేనూ అంతే. బ్రహ్మానందం మామయ్య ఏం జరిగిందో తెలియక గుమ్మంలో నిలబడిపోయాడు.

గంధం సంగతి దాచలేదు. విని, "ప్రాణం చూపిస్తే బొట్టు పెట్టకుండా ఎలా ఉంటానే" అంది.

వస్తానని ఆ రోజే సమాజంవాళ్ళకు కబురు పంపింది. నిన్న సన్మానం. తెర లేవకముందు అత్తయ్య వెండిగిన్నెలో గంధం పట్టుకుని వచ్చింది. హార్మోనియానికి పెట్టింది, తెరతాడుకు పెట్టింది. నా కంప్యూటరు దగ్గరికి రాగానే నేను అడ్డం నిలబడ్డాను. "భయపడకే, పైన పెడతా" అని మూత మీద పెట్టి, మూతకే నోరు ఆనించి, "లోపలున్నదానికి చెప్పు, నిన్ను మరిచిపోలేదని" అంది. పాత పద్యం తెరమీద ఆడింది. నూట అరవై ఆరులో ఎక్కడా ఆగలేదు.

ఆ తర్వాత శాలువా పక్కన పెట్టి, అత్తయ్య మైకు ముందుకొచ్చి అదే పద్యం అందుకుంది. సరిగ్గా అక్కడే గొంతు తెగింది శంకరం, ఈసారి పెద్దగానే తెగింది. అత్తయ్య మంచినీళ్ళు అడిగి తాగి, "ఉండండి, మళ్ళీ అందుకుంటా" అని, అందుకుంది. పద్యం పూర్తయ్యేసరికి జనం లేచి నిలబడి వన్స్ మోర్ అని అరుస్తున్నారు. నేను తెర వెనక తాడు పట్టుకుని తయారుగా ఉన్నాను. అత్తయ్య ఇటు చూసి, తెర దించొద్దని చెయ్యి ఊపింది. ఈసారి ఆవిడకు వినపడింది.

నీ అక్క,
శివపార్వతి